తార ఉంది, తెర ఏదీ?

ఏంజెల్స్ జట్టు స్టార్ బ్యాటర్ మైక్ ట్రౌట్ ప్రచారానికి సమయం ఇవ్వడం లేదని, ఇస్తే అతణ్ని పెద్ద బ్రాండ్‌గా మలచగలమని అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ 2018 జులైలో సెలవిచ్చారు. ఏంజెల్స్ జట్టు మర్నాడే తన ఆటగాడిని వెనకేసుకొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్న చందంగా ఉంది కమిషనర్ మాట.

ఈ ఆటలో తారను చూపించడమే కష్టం. టీ20లో ఓపెనర్ కుదురుకుంటే ఇరవై ఓవర్లూ క్రీజులోనే ఉంటాడు. బేస్‌బాల్‌లో తొమ్మిది మందీ వరస తప్పకుండా బ్యాటు పట్టాలి. ఎంతటి మొనగాడికైనా మ్యాచ్‌కు దక్కేది నాలుగైదు అవకాశాలే. మ్యాచ్ ఆరంభం నుంచి బంతి విసిరే స్టార్టింగ్ పిచర్ అయితే అయిదారు రోజులకోసారి కనిపిస్తాడు. ట్రౌట్, జపాన్ తార షోహెయ్ ఒహ్తానీ 2018 నుంచి ఆరు సీజన్లు ఒకే జట్టుకు ఆడినా ఏంజెల్స్ ఒక్కసారీ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. దేశమంతా టీవీ ముందు కూర్చునే అక్టోబరులో ఇద్దరూ ఇంటిదగ్గరే! చివరికి వాళ్లను ఎదురెదురుగా నిలిపింది క్లబ్ మ్యాచ్ కాదు, 2023 మార్చిలో దేశాల మధ్య జరిగిన వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్. ఆఖరి ఔట్‌గా అమెరికా బ్యాటర్ ట్రౌట్‌ను ఒహ్తానీ స్ట్రైకౌట్ చేశాడు. జపాన్ 3-2తో గెలిచింది.

ఆ ఒహ్తానీనే లాస్ ఏంజెలిస్ జట్టు డాడ్జర్స్ పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు తీసుకుంది. అందులో 68 కోట్లు 2034 నుంచే అతని చేతికొస్తాయి. గెలిచే జట్టు, పెద్ద నగరం, జపాన్ ప్రేక్షకులు మూడూ కలిస్తే ఏమవుతుందో 2024 ఆగస్టు 28న తేలింది. ఆ రోజు ప్రేక్షకులకు కానుక, తంజావూరు బొమ్మలా తలాడించే ఒహ్తానీ బొమ్మ, అతని చేతుల్లో పెంపుడు కుక్క డెకోపిన్. ముందొచ్చిన 40 వేల మందికే ఇస్తామనడంతో గేట్లు తెరవడానికి గంటల ముందే బారులు తీరారు. లాంఛనంగా వేసే తొలి బంతిని డెకోపిన్ నోట కరచుకెళ్లి యజమానికి అందించింది. కాసేపటికే ఒహ్తానీ ఇన్నింగ్స్ తొలి బ్యాటర్‌గా హోమ్ రన్ బాదాడు. ఏ ప్రకటనల సంస్థా రాయలేని స్క్రిప్టు!

ప్రేక్షకుల్ని తెచ్చింది మాత్రం బొమ్మలు కాదు, 2023 నాటి నిబంధనలని మా నమ్మకం. బేస్‌లు (రన్నర్లు చేరాల్సిన మజిలీలు) ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్లుంటే 20 సెకన్లలో (తర్వాత 18కి తగ్గించారు) పిచర్ బంతి వేయాలి. బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది. రన్నర్‌ను కట్టడిచేసే విసుర్లను రెండుకు పరిమితం చేశారు. ఫలితంగా 2021లో 3 గంటల 10 నిమిషాలున్న సగటు మ్యాచ్ 2 గంటల 40 నిమిషాలకు దిగింది. బేస్ దొంగతనాలు (బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు ఉరకడం) ఏడాదిలో 2,486 నుంచి 3,503కు ఎగబాకాయి. 2017 తర్వాత తొలిసారి స్టేడియాలకు వచ్చినవాళ్లు ఏడు కోట్లు దాటారు. ప్రతి జట్టూ మిగతా 29 జట్లతో ఆడేలా షెడ్యూలు మార్చడమూ తెలివైన పనే. రెండేళ్లకోసారైనా ఒహ్తానీ ప్రతి ఊరికీ వస్తాడు.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు తలుపులు మూసింది మాత్రం లీగే. స్థానిక చానళ్ల హక్కుల పేరిట ఒక్క మేజర్ లీగ్ జట్టూ లేని ఐయొవా రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఆరు జట్ల మ్యాచ్‌లను, లీగ్ ఆన్‌లైన్ ప్రసారాలకు చందా కట్టినవారికి సైతం, ఆపేశారు. పద్నాలుగు జట్ల ప్రసారాలు చూసే డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా తీశాక గానీ కదలిక రాలేదు. ఆ మే 31 నుంచి శాన్‌డియెగో జట్టు పాడ్రెస్ మ్యాచ్‌లను లీగే ప్రసారం చేస్తూ ఆ జట్టు వరకు ఆంక్ష ఎత్తేసింది. మిగతా జట్లకు దివాలా దాకా ఆగడమెందుకు?

డాలస్ తెలుగువారికి తెలిసిన గ్రాండ్ ప్రెయిరీ క్రికెట్ స్టేడియం ఒకప్పుడు ఎయిర్‌హాగ్స్ బేస్‌బాల్ మైదానమన్నది గుర్తుంచుకోవాలి. ఖాళీ సీట్లు ఇంకొకరివి కావడానికి ఎంతోకాలం పట్టదు.

2021 డిసెంబరు 2న యజమానులు లాకౌట్ విధించగానే లీగ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల ఫొటోలు మాయమై బూడిదరంగు నీడలు మిగిలాయి. ముఖాలు చూపడం లేదని ట్రౌట్‌ను తప్పుబట్టిన లీగే తన చేత్తో 99 రోజులు ముఖాలు చెరిపేసింది. ఆ తర్వాత కుదిరిన కార్మిక ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. జాతీయ ప్రసార ఒప్పందాలు 2028 సీజన్‌తో ముగుస్తాయి. స్థానిక ఆంక్షల ఎత్తివేతను ఆ ప్రసార బేరంలో మొదటి షరతుగా పెట్టాలి. ఈసారి కార్మిక బేరం బెడిసినా, ఆటగాళ్ల ఫొటోల జోలికి మాత్రం వెళ్లకూడదు.