చిన్నపిల్లల డాక్టరు పెద్దయ్యాక ఏమవుతాడు?

మా అక్క కొడుకు తిరుపతిలో పిల్లల డాక్టరు పీజీ మూడో సంవత్సరంలో ఉండాడు. ఎండీ అయిపోతానే వాడు ఏం చేయాలనేది ఇప్పుడు మా ఇంట్లో, వీధి చివర టీ అంగట్లో, మా బావ వాకింగు బ్యాచీలో పెద్ద చర్చ. సరే, ఎవరో ఒకరు శాస్త్రీయంగా తేల్చాలి గదా అని నేనే పరిశోధనకి దిగినా, అంటే ఆదివారం వాడు నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తే పక్కన కూర్చోని "ఏంరా, నీకు దేంట్లో ఇంట్రెస్టు" అని అడిగినా, వాడు "పడుకోవడంలో మామా" అని ఇడ్లీ చేతిలో పట్టుకోనే నిద్రపోయినాడు. కాబట్టి మిగతాదంతా నా సొంత తెలివి.

అసలు పిల్లల డాక్టరే ఎందుకు అయినాడు అంటే, చిన్నప్పట్నుంచీ పిల్లలంటే ప్రాణం అని మా అక్క అందరికీ చెప్తాది. పీజీ సీట్ల కౌన్సెలింగు రోజు రాత్రి వాడి పక్కన ఉండింది నేను. రేడియాలజీ అయిపోయింది, స్కిన్ అయిపోయింది, జనరల్ మెడిసిన్ దరిదాపుల్లో లేదు, ర్యాంకు కార్డు ఇంకోసారి చూసుకున్నాక వాడికి పిల్లల మీద ప్రేమ పుట్టింది. ఇందులో తప్పేముందిలే, మన పెళ్ళిళ్ళు మాత్రం ఎట్ల అయినాయి.

తర్వాతి దారి పోస్టింగును బట్టి నెల నెలా మారతా వచ్చింది. గుండె కేసులు చూసిన నెల కార్డియాలజీ అన్నాడు, 2021లో టీటీడీ వాళ్ళు చిన్నపిల్లల గుండె ఆసుపత్రి మన ఊర్లోనే తెరిచినారు గదా, ఇంక ఊరు దాటే పని లేదని మా అక్క అలిపిరి కాడ టెంకాయ గూడా కొట్టేసింది. ఫిట్స్ కేసుల నెల న్యూరాలజీ. థీసిస్ సబ్మిట్ చేయాల్సిన నెల బెంగుళూరు పోయి దోసెల బండి పెట్టుకుంటానన్నాడు, నాకైతే అదే ఆలోచించి చెప్పిన మాట అనిపించింది.

ఎన్‌ఐసీయూ నెలలో, అంటే అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూలో చేసిన నెలలో మాత్రం కథ వేరు. 900 గ్రాముల బిడ్డంట. ఆ బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపినా మన అంగట్లో టీ గ్లాసుడు ఉంటాదంట, అందుకే టెస్టుకి అర ఎమ్మెల్ తీయాలన్నా లెక్క రాసుకోని తీస్తారంట. తెల్లారుజాము 3 గంటలకి నరం దొరక్క మూడోసారికి సూది ఎక్కించినాడంట, ఎక్కించినాక ఆ బిడ్డ వాడి చిటికెన వేలి కొన పట్టుకునింది, చెయ్యంతా కలిపి వేలి చుట్టూ రాలేదు మామా అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఒక్కసారి గూడా ఆవలించలా. నేను నోట్ చేసుకున్నా.

కానీ కెరీర్ అనేది వేళ్ళతో తేలేది కాదు, స్థలంతో తేలాల్సింది. తిరుచానూరు రోడ్డు పక్క మా బావ 30 అంకణాలు కొని పెట్టినాడు. కింద క్లినిక్కు, పైన ఇల్లు, టీకాల ఫ్రిజ్జుకి ఇన్వర్టరు, ఎందుకంటే టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉండాల, కరెంటు పోతే ముందు ఫ్రిజ్జు, ఆనక మా బావ ఫ్యాను. పక్క షట్టర్లో మెడికల్ షాపు, అది డీ ఫార్మసీ చదివిన మా పెద్దోడికి ఇస్తామన్నారు, అందుకని నేను క్లినిక్కు వైపు మాట్లాడతా ఉండానని మా అక్క అంటా ఉండేది, ఇది నా నిష్పాక్షికత మీద దాడి.

సంబంధాలోళ్ళేమో డీఎం, అంటే ఎండీ మీద చదివే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఉంటేనే ఫొటో పంపిస్తామంటా ఉండారు.

పోయిన వారం వాడు తేల్చేసినాడు, డీఎం నియోనేటాలజీకి ప్రిపేర్ అవుతానని. మా అమ్మకి అర్థమయ్యేట్టు నేను విడమర్చి చెప్పినా. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, అప్పుడు అందర్నీ చూసినాడు, ఎండీ 3 ఏళ్ళు, ఇప్పుడు పిల్లల్ని మాత్రమే చూస్తా ఉండాడు, ఇంకో 3 ఏళ్ళు చదివితే పుట్టి 28 రోజుల్లోపు బిడ్డల్ని చూస్తాడు అని. ఆమె చాలాసేపు వక్క కొరకతా కూర్చునింది.

"చదివేకొద్దీ చిన్నోళ్ళ కాడికి దించతా ఉండారే, సరిగ్గా చదవతా ఉండాడా లేదా కనుక్కోరా" అనింది.

వాడిని అడుగుదామంటే మళ్ళీ నిద్రపోతా ఉండాడు.