రన్నింగ్‌లో ఉన్న పీఎల్‌సీ నుంచి కార్డు లాగమంటున్న ఆ ఫార్వర్డ్‌ను నమ్మకండి

మెయింటెనెన్స్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సీమెన్స్ పీఎల్‌సీల (ఫ్యాక్టరీలో మెషీన్లను నడిపే కంట్రోలర్ల) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "లోపల ఉండేది మామూలు ఎస్‌డీ కార్డే. ఎర్ర లైటు వస్తే కార్డు లాగి, ల్యాప్‌టాప్‌లో ఫార్మాట్ కొట్టి, ఫైళ్లు మళ్లీ వేసి పెట్టండి. రన్నింగ్‌లో తీసినా ఏం కాదు. ఖాళీ కార్డు పెట్టి తీస్తే బ్యాకప్ కూడా వచ్చేస్తుంది. కార్డు జన్మలో పోదు." ఐటీఐ, డిప్లొమా అయి కొత్తగా షిఫ్టుల్లోకి వచ్చిన పిల్లలు ఇది చదివి రాత్రిపూట ప్యానెల్ తెరుస్తారేమోనని నా భయం. ఆ టైములో అడుగుదామన్నా పెద్దవాళ్లెవరూ ఉండరు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నా.

మామూలు ఎస్‌డీ కార్డా? సీమెన్స్ పీఎల్‌సీ మోడళ్లయిన ఎస్7-1200, 1500లలో వాడే సిమాటిక్ కార్డు (సీమెన్స్ సొంత మెమరీ కార్డు) ఆకారం అదే, అంతవరకు నిజం. బజారులో కొన్న కార్డు పెడితే మాత్రం సీపీయూ (పీఎల్‌సీలో ప్రోగ్రాం నడిపే భాగం) ఒప్పుకోదు. అసలు సంగతి వేరే ఉంది. ఎస్7-1500కి లోపల లోడ్ మెమరీ (ప్రోగ్రాం నిల్వ ఉండే చోటు) అంటూ లేదు, ఆ కార్డే లోడ్ మెమరీ. ఎంఎంసీ అనే చిన్న మెమరీ కార్డు పెట్టే పాత ఎస్7-300 సీపీయూలదీ ఇదే పద్ధతి. అంటే మీరు లాగుతున్నది ప్రోగ్రాం కాపీని కాదు, ప్రోగ్రాంనే. 1200 ఒక్కదానికే లోపల సొంత మెమరీ ఉంది, కార్డు మన ఇష్టం.

ఎర్ర లైటు వస్తే కార్డు తీయమనడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు. 300లో ఎస్ఎఫ్ అనే ఎర్ర లైటు వెలగడానికి మాడ్యూల్ పోయినా చాలు, అనలాగ్ ఇన్‌పుట్ వైరు తెగినా చాలు, ప్రోగ్రాంలో తప్పున్నా చాలు. ముందు డయాగ్నస్టిక్ బఫర్ (సీపీయూ తప్పులను నమోదు చేసుకునే జాబితా) చదవండి. 1500కైతే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, సీపీయూ డిస్‌ప్లే మీదే కనిపిస్తుంది.

ఫార్మాట్ విషయం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొడితే, కార్డును సీపీయూ గుర్తుపట్టడానికి అందులో రాసి ఉన్న ప్రత్యేక నిర్మాణం చెరిగిపోతుంది, ఆ తర్వాత ఆ కార్డు పీఎల్‌సీకి పనికిరాదు. ఈ హెచ్చరిక సీమెన్స్ మాన్యువల్‌లోనే ఉంది. 1200 కార్డులో దాచిన ఫైళ్లు రెండుంటాయి, పేరులో లాగ్ అని ఉండేది ఒకటి, సీఆర్‌డీఇన్ఫో డాట్ బిన్ ఇంకొకటి. కార్డు ఖాళీ చేయాల్సి వస్తే మిగతా ఫైళ్లు తీసేయవచ్చు కానీ ఈ రెండింటి జోలికి పోకూడదు. నిజంగా ఫార్మాట్ చేయాల్సి ఉంటే కార్డు సీపీయూలో ఉండగానే సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ అయిన టియా పోర్టల్‌లో ఆన్‌లైన్ అండ్ డయాగ్నస్టిక్స్ కింద ఆ ఆప్షన్ ఉంది, అక్కడినుంచి చేయండి.

ఇక రన్నింగ్‌లో తీయడం. ఇది డబ్బుతో పోయే తప్పు కాదు. రన్నింగ్‌లో ఉన్న 1200లో కార్డు పెడితే చాలు, సీపీయూ స్టాప్‌లోకి పోతుంది, అంటే ప్రోగ్రాం నడపడం ఆపేస్తుంది. స్టాప్‌లో అవుట్‌పుట్‌లు (మోటార్లకు, వాల్వులకు వెళ్లే సిగ్నళ్లు), మనం వేరేగా సెట్ చేయకపోతే, ఆఫ్ అవుతాయి. పాశమైలారం లాంటి చోట బల్క్ డ్రగ్ యూనిట్‌లో రియాక్టర్ వేడి మీద ఉండగా స్టిర్రర్ ఆగి, కూలింగ్ వాల్వ్ కూడా మూసుకుపోతే ఏమవుతుందో అక్కడ పనిచేసేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ మెసేజ్‌ను డిలీట్ చేయాలి. సరైన పద్ధతి ఇది: ప్రాసెస్ వాళ్లకు చెప్పి మెషీన్‌ను సేఫ్ స్థితికి తెచ్చి, ప్రోగ్రామింగ్ ల్యాప్‌టాప్ నుంచి డౌన్‌లోడ్ లాంటిదేదీ నడవడం లేదని చూసుకుని కనెక్షన్ తీసేసి, పవర్ ఆఫ్ చేసి అప్పుడు కార్డు తీయాలి. రాస్తున్న మధ్యలో లాగితే కార్డులో డేటా చెడిపోవచ్చు. చేతికి ఎర్త్ చేసిన రిస్ట్ స్ట్రాప్ ఉండాలి, స్టాటిక్‌తో కార్డూ పోతుంది, సీపీయూలో స్లాటూ పోతుంది.

ఖాళీ కార్డుతో బ్యాకప్ అన్నది సగం నిజం, అందుకే ఎక్కువమంది పడిపోతారు. 1200లో ఖాళీ సిమాటిక్ కార్డు పెట్టి పవర్ ఆఫ్ ఆన్ చేస్తే లోపలి ప్రోగ్రాం కార్డులోకి కాపీ అవుతుంది. అక్కడితో ఆగదు. కాపీ అయ్యాక సీపీయూ తన లోపలి ప్రోగ్రాంను చెరిపేస్తుంది, ఆ కార్డు ప్రోగ్రాం కార్డు అయిపోతుంది, అంటే ఇకపై ప్రోగ్రాం ఉండేది అందులోనే. మీరు బ్యాకప్ దొరికిందని కార్డు తీసి బీరువాలో పెడితే, ప్యానెల్‌లో మిగిలేది ఖాళీ సీపీయూ. ఖాళీ కార్డును ముందే ట్రాన్స్‌ఫర్ కార్డుగా (సీపీయూలోకి ప్రోగ్రాం ఎక్కించే కార్డుగా) సెట్ చేసి పెడితే మరీ ప్రమాదం, కాపీ కూడా కాకుండా లోపలిదంతా పోతుంది. పాస్‌వర్డ్ మర్చిపోయిన సీపీయూను తుడిచేయడానికి వాడే పద్ధతే అది.

పైగా కార్డులో ఉండేది డేటా బ్లాకుల (ప్రోగ్రాంలో విలువలు దాచే భాగాల) స్టార్ట్ వాల్యూలు, అంటే మొదట్లో పెట్టిన విలువలు. ఆపరేటర్లు నెలల తరబడి హెచ్ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) మీద సరిచేసుకున్న సెట్‌పాయింట్లు, టైమర్ విలువలు 1200, 1500లలో సీపీయూ రిటెంటివ్ మెమరీలో (పవర్ పోయినా విలువలు నిలిచే చోట) ఉంటాయి. ఆ కార్డు తీసుకెళ్లి కొత్త సీపీయూలో పెడితే మెషీన్ తిరుగుతుంది కానీ కమిషనింగ్ (మెషీన్‌ను మొదట నడిపించిన) రోజు నాటి విలువలతో తిరుగుతుంది, ప్రాడక్ట్ ఎందుకు తేడాగా వస్తోందో తెలియక అందరికీ టెన్షన్. టియా పోర్టల్‌లో యాక్చువల్ వాల్యూల (ఇప్పుడు నడుస్తున్న విలువల) స్నాప్‌షాట్ తీసి స్టార్ట్ వాల్యూల్లోకి కాపీ చేసి ప్రాజెక్ట్ సేవ్ చేసుకోండి. పాత ఎస్7-300 అయితే కార్డు నుంచి అప్‌లోడ్ చేసినా సింబల్స్ (సిగ్నళ్లకు పెట్టిన పేర్లు), కామెంట్లు రావు, ఒట్టి బ్లాకులే (ప్రోగ్రాం ముక్కలే) వస్తాయి. ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందో ఇప్పుడే వెతకండి, ప్యానెల్ వేసిన కాంట్రాక్టరు దగ్గరే ఉంటే అడిగి తెప్పించుకోండి.

ఫైళ్లు ఇంకో కార్డులోకి వేస్తే నడుస్తుందన్న నమ్మకమూ అన్నిసార్లూ నిలవదు. కొన్ని బ్లాకులను కార్డు సీరియల్ నంబరుకు కట్టేసి ఇస్తారు, నంబరు మారితే అవి నడవవు.

చివరిది, కార్డు జన్మలో పోదట. ఎస్7-300 ఎంఎంసీకి సీమెన్స్ ఇచ్చిన లెక్క గరిష్ఠంగా 1,00,000 రైట్/డిలీట్‌లు. ప్రోగ్రాంలో కార్డు మీదికి డేటా రాసే రిట్‌డీబీఎల్, అంటే ఎస్ఎఫ్‌సీ 84 అనే ఫంక్షన్‌ను నిమిషానికోసారి పిలిచేలా ఎవరైనా రాసి ఉంటే రోజుకు 1,440, సుమారు 70 రోజుల్లో ఆ లెక్క అయిపోతుంది. కాబట్టి మీ ప్రోగ్రాంలో అలాంటి కాల్ ఎక్కడుందో, దానికి ట్రిగ్గర్ ఏమిటో ఒకసారి చూడండి. ఎస్7-1500లో గెట్‌ఎస్ఎంసీఇన్ఫో అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది, కార్డు ఎంత అరిగిందో చదివి హెచ్ఎంఐ మీద చూపించుకోవచ్చు.