సవరణ: బ్లూగిల్ గూడు కాసేది మగ చేప

ఇక్కడ అమెరికా చెరువుల్లో దొరికే బ్లూగిల్ గురించి మొన్న రాసినప్పుడు ఆడచేప గూడు దగ్గర కాపలా ఉంటుందన్నాను, తప్పు, క్షమించండి. గూడు చేసేదీ కాసేదీ మగదే. తోకతో ఊడ్చి ఊడ్చి ఇసుకలో పళ్ళెంలాంటి గుంట చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, ఇక మగదే రెక్కలు ఆడిస్తూ గుడ్లకి కొత్త నీరు తగిలేలా చూస్తూ దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతూ ఉంటుంది, ఎంత ఓపికో!

ఇంకోటి, మొప్పల దగ్గర నల్లగా కనిపించేది చెవి అని రాశాను, అది చెవి కాదు, మొప్ప మూత చివరి రేకు. వీపు రెక్క వెనక భాగంలో అడుగున ఇంకో నల్లమచ్చ ఉంటుంది, గుర్తుపట్టడానికి అదే గట్టి ఆనవాలు.

గూడు మీదున్న మగదాన్ని పట్టేస్తే పక్క చేపలొచ్చి గుడ్లన్నీ తినేస్తాయి, గాలానికి పడినా దయచేసి వెంటనే అక్కడే వదిలెయ్యండి.