రెండు పట్టీలు ఎక్కువ వేస్తే ట్రాలీ బలపడదు

మిర్చి ఎనుమాముల మార్కెట్టుకు, వడ్లు మిల్లులకు తరలే రోజులు రాగానే వరంగల్, నర్సంపేట, పరకాల ప్రాంతాల ట్రాక్టరు యజమానుల ఫోన్లలో ఒక సలహా తిరుగుతుంది. ట్రాలీ కమాన్ కట్టకు, అంటే ఇరుసు మీద బరువు మోస్తూ వంగి లేచే ఉక్కు పట్టీల దొంతరకు, రెండు పట్టీలు అదనంగా వేయిస్తే ఎంత బరువైనా మోస్తుందని, విరిగిన పట్టీని వెల్డింగు చేయిస్తే కొత్తదానితో సమానమని, ఆ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఒకసారి గట్టిగా బిగిస్తే మళ్లీ ముట్టుకోనక్కరలేదని, గ్రీజు పెడితే దుమ్మును పిలిచినట్టేనని దాని సారాంశం. నమ్మి ఆచరించినవారికి ఇది నష్టమే తెస్తుంది.

మొదటి మాట అన్నింటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో కంటికి కనిపించే నిజం కొంత ఉంది. ఏడు పట్టీల కట్టకు అదే మందం గల మరో రెండు చేరిస్తే దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, సుమారు 29 శాతం పెరుగుతుంది కనుక, అదే లోడుకు ట్రాలీ మునుపటంత కుంగదు, చూసినవారికి బలం వచ్చినట్టే అనిపిస్తుంది. అయితే ఆ బరువు కమాను దగ్గరే ఆగదు. ఇరుసుకు, బేరింగులకు, టైర్లకు దిగుతుంది, పట్టీలు చేర్చినంత మాత్రాన వాటి సామర్థ్యం వీసమెత్తు కూడా పెరగదు. రోలర్ బేరింగుపై లోడు పావు వంతు పెరిగితే, లెక్క ప్రకారం దాని ఆయుష్షు సగానికంటే కిందికి పడిపోతుంది. పైగా చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు లేనందున, ఆ అదనపు బరువును కూడా ట్రాక్టరే ఆపవలసి వస్తుంది.

సన్నటి పట్టీ తీసి లారీ పట్టీ ఇరికించేవారు ఇంకొకటి గమనించాలి: మందం రెట్టింపయితే ఆ పట్టీ బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు గుంత పడినచోట కమాను వంగి మింగవలసిన దెబ్బ నేరుగా ట్రాలీ అడుగు చట్రమైన చాసిస్‌కు చేరుతుంది. నాలుగేళ్ల క్రితం మా ట్రాలీకి మేము ఈ పనే చేయించాము. వడ్ల సీజను ముగియకముందే కమాను కొసను పట్టి ఉంచే బ్రాకెట్టు దగ్గర చాసిస్ పగిలింది.

వెల్డింగు విషయంలో వాదనకు తావే లేదు. కమాను ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగుమాత్రం వేడి చేసినందువల్లే దానికి వంగి లేచే గుణం వస్తుంది. వెల్డింగు వేడి ఆ పదునును చెరిపి, అతుకు పక్కనున్న ఉక్కును పెళుసుగా మారుస్తుంది. విరిగిన పట్టీని మార్చడమే దారి.

యూ బోల్టుల మాట కూడా అంతే తప్పు. కొత్త కట్టలో పట్టీల మధ్య ఉన్న రంగు, సన్నని సందులు మొదటి లోడులకే నలిగి సర్దుకుంటాయి. కట్ట మందం వెంట్రుకవాసి తగ్గినా బోల్టు పట్టు సడలుతుంది. అప్పుడు ఇరుసును కదలకుండా ఉంచే భారమంతా మధ్యనున్న చిన్న సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగితే ఇరుసు ఒక పక్కకు జరిగి ట్రాలీ వంకరగా నడుస్తుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి. అందుకని మొదటి లోడు దింపగానే ఒకసారి, వారం పది రోజులకు మరోసారి బిగించాలి. కట్ట విప్పినప్పుడు పాత యూ బోల్టులే మళ్లీ వాడకూడదు.

గ్రీజు గురించిన మాటలో సగం నేను ఒప్పుకుంటాను. పట్టీల మీద బయట పూసిన గ్రీజుకు చెరువు మట్టి, దుమ్ము అంటుకొని ఆకురాయిలా అరగదీస్తాయి. పట్టీల మధ్య రాపిడి ట్రాలీ ఊగును కొంత అణచే సాధనం కూడా. కానీ కమాను కొసల్లోని పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షుల సంగతి వేరు. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న ప్రతి పిన్నుకూ గ్రీజు అందకపోతే ఇనుము ఇనుమును తింటుంది, పిన్ను దూరే కమాను కన్ను కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. ట్రాలీ బరువు మీదుండగా గ్రీజు గన్ను కొడితే, బరువు మోసే వైపు సందు మూసుకుపోయి ఉన్నందున, ఎక్కువ అరిగే చోటికే గ్రీజు చేరదు. ఖాళీ ట్రాలీ చాసిస్‌ను జాకీతో ఎత్తి, కింద దిమ్మెలు పెట్టి, చక్రాలు నేలను వదిలి వేలాడుతుండగా, నల్లటి పాత గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేవరకు కొట్టాలి.