టామ్‌క్యాట్‌కు బాంబులు కొత్తవి కావు

అమెరికా నౌకాదళం నడిపిన ఎఫ్-14 టామ్‌క్యాట్ విమానం గురించి తెలుగులో కొన్నేళ్లుగా చేతులు మారుతున్న కథనం ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: ఆ విమానాన్ని ఆకాశంలో పోరాడటానికే తయారుచేశారు, నేల మీద బాంబులు వేసే ఆలోచన దాని రూపకల్పనలో లేనే లేదు, సోవియట్ యూనియన్ కూలిపోయాక చేయడానికి పని లేక, కొలువు నిలబెట్టుకోవడానికి 1990లలో దానికి బాంబులు తగిలించారు, రెక్కలు కదిలే విమానం కాబట్టి అది ఎక్కువ బరువు మోయలేకపోయింది, గురి కూడా కుదరలేదు, ఆ పనిలో విఫలమైనందువల్లనే 2006లో దాన్ని సేవల నుంచి తప్పించారు. ఈ కథనంలో ఒక అంశం సగం నిజం, మిగిలినవి ఏవీ నిలబడవు.

మొదటి ఆరోపణ రూపకల్పనకు సంబంధించినది. దీనికి ఆధారంగా 'నేల దాడి కోసం ఒక్క పౌను బరువు కూడా పెంచం' అనే అర్థం వచ్చే నినాదాన్ని చూపిస్తున్నారు. ఆ నినాదం నిజంగానే ఉంది, కానీ అది టామ్‌క్యాట్‌ది కాదు. అమెరికా వైమానిక దళం కోసం మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ తయారుచేసిన ఎఫ్-15 విషయంలో పుట్టిన మాట అది. రెండు విమానాలూ ఒకే కాలానివి, రెండింటికీ జంట తోకలు, జంట ఇంజిన్లు ఉన్నాయి. ఒకదాని మాట మరొకదానికి అంటుకోవడానికి ఆ పోలిక సరిపోయినట్టుంది. పైగా ఆ నినాదం పుట్టిన ఎఫ్-15 నుంచే తరువాత ఎఫ్-15ఈ అనే పూర్తి స్థాయి దాడి విమానం వచ్చింది కాబట్టి, నినాదాన్ని పట్టుకుని విమానం సామర్థ్యాన్ని తేల్చడం అక్కడ కూడా చెల్లలేదు.

గ్రమ్మన్ కంపెనీ తయారుచేసిన ఎఫ్-14 తొలిసారి 1970 డిసెంబరు 21న ఎగిరింది. 500 పౌన్ల బాంబులను దాని పొట్ట కింద బిగించి చూసే పరీక్షలు తొలి సంవత్సరాల్లోనే జరిగాయి. ఈ పరీక్షల మాట అటుంచి, నాకు ఎక్కువ నమ్మకం కలిగించే సాక్ష్యం విమానం లోపలే ఉంది. పైలట్ ముందున్న ప్రదర్శన నియంత్రణ పలకపై ఐదు మీటలు వరుసగా ఉంటాయి: టేకాఫ్, మామూలు ప్రయాణం, గాలిలో పోరు, నేల దాడి, ల్యాండింగ్. ఏ మీట నొక్కితే ఆ పనికి కావలసిన గీతలు, గుర్తులు కళ్లెదుటి అద్దం మీద కనిపిస్తాయి. నాలుగో మీట 1990లలో అతికించినది కాదు, మొదటి రకమైన ఎఫ్-14ఏ లోనే ఉంది. బాంబులు వేసే ఆలోచనే లేని విమానంలో, ఒక్కో అంగుళం చోటుకు పోటీ ఉండే ఆ పలక మీద, దానికి మీట కేటాయించేవారు కారు.

అయితే ఆ మీటను ఇరవై ఏళ్ల పాటు ఎందుకు వాడలేదన్న ప్రశ్న న్యాయమైనదే. విమానవాహక నౌక మీద అప్పటికే ఎ-6 ఇంట్రూడర్, ఎ-7 కోర్సెయిర్ అనే రెండు రకాల దాడి విమానాలు ఉండేవి. దూరం నుంచి క్షిపణులు వదిలి నౌకలను ముంచగల సోవియట్ బాంబర్లను ఆ దూరంలోనే అడ్డుకోవడం టామ్‌క్యాట్‌కు అప్పగించిన పని. ఆ పనికి కావలసిన ఏడబ్ల్యూజీ-9 రాడార్, ఒక్కొక్కటి సుమారు 450 కిలోల బరువుండే ఫీనిక్స్ క్షిపణులు దాని దగ్గరే ఉన్నాయి, మరో విమానానికి లేవు. కొత్త రకం బాంబును ఏ విమానానికైనా అనుమతించాలంటే, అది ఏ వేగంలో, ఏ కోణంలో విడివడినా విమానానికి తగలకుండా కిందికి పోతుందని వరుస పరీక్షలతో నిరూపించాలి. ఆ తరువాత సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. పక్కనే రెండు దాడి విమానాలు ఉండగా ఆ ఖర్చు పెట్టకూడదని నౌకాదళం అనుకుంది. దీన్ని సామర్థ్యం లేకపోవడం అనరు, వాయిదా వేయడం అంటారు.

ఇక సగం నిజమైన అంశం. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా టామ్‌క్యాట్‌లు బాంబులు వేయలేదు, గాలిలో కూల్చింది కూడా ఒక్క ఎంఐ-8 హెలికాప్టర్‌ను మాత్రమే. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియన్ కూడా లేకుండా పోయింది. టామ్‌క్యాట్ భవిష్యత్తు గురించి దాని సిబ్బందికి బెంగ ఉండేదన్న మాట కాదనలేనిది. కానీ నాణేనికి రెండో వైపును ఈ కథనం చూపించడం లేదు. ఇంట్రూడర్ స్థానంలో రావలసిన ఎ-12 విమాన పథకాన్ని 1991 జనవరిలో రద్దు చేశారు. వయసు మళ్లిన ఇంట్రూడర్ 1997లో నిష్క్రమించింది. దూరం వెళ్లి బరువైన బాంబులు వేయగల విమానం నౌక మీద మరొకటి లేదు. ఎఫ్/ఎ-18సీ హార్నెట్ ఉన్నా, దాని లోపలి ట్యాంకుల్లో పట్టే ఇంధనం దాదాపు 4,900 కిలోలు. టామ్‌క్యాట్‌లో దాదాపు 7,300 కిలోలు. అంటే టామ్‌క్యాట్‌కు పని ఎంత అవసరమో, నౌకకు టామ్‌క్యాట్ కూడా అంతే అవసరం.

బరువు మోయలేదన్న ఆరోపణకు మూలం రెక్కల గురించిన అపోహ. టామ్‌క్యాట్ రెక్కలు 20 డిగ్రీల నుంచి 68 డిగ్రీల దాకా వెనక్కి మడుచుకుంటాయి; వాటి కింద ఏదైనా వేలాడదీస్తే అది కూడా పక్కకు తిరిగిపోతుంది కాబట్టి కదిలే భాగం కింద ఏమీ పెట్టలేదన్నంత వరకు నిజమే. కానీ ఈ విమానానికి రెండు ఇంజిన్లూ దూరంగా ఉండి, వాటి మధ్య పొట్ట కింద సొరంగం లాంటి వెడల్పైన చోటు ఉంటుంది. ఫీనిక్స్ క్షిపణుల కోసం అక్కడ అమర్చిన పట్టాలకే బాంబులు పట్టే కొక్కేలను బిగించారు. 2,000 పౌన్ల బాంబులు నాలుగు, అంటే సుమారు 3,600 కిలోలు, ఆ ఒక్క చోటే పట్టేవి. ఆరు ఫీనిక్స్ క్షిపణుల బరువు 2,700 కిలోలు మాత్రమే. నౌక మీదికి తిరిగి దిగేటప్పుడు మిగిలిన ఆయుధాల బరువుకు పరిమితి ఉంటుంది కాబట్టి రోజువారీ పనిలో తక్కువ బాంబులతో వెళ్లడం మామూలే, అయితే ఆ పరిమితి నౌక మీద దిగే ప్రతి విమానానికీ ఉన్నదే.

గురి కుదరలేదన్న మాట 1995 వరకు కొంత వర్తిస్తుంది, 1996 తరువాత అసలు వర్తించదు. 1995 సెప్టెంబరు 5న బోస్నియాలో వీఎఫ్-41 స్క్వాడ్రన్ టామ్‌క్యాట్‌లు మొదటిసారి యుద్ధంలో బాంబులు వేశాయి. అవి లేజర్ కాంతి పడిన చోటికి వెళ్లి తగిలే లేజర్ బాంబులే, కానీ లక్ష్యం మీద లేజర్ కాంతిని వేసి పట్టింది పక్కనున్న హార్నెట్‌లు. మోసే భుజం మొదటి నుంచీ ఉంది, చూసే కన్ను మాత్రం అప్పటికి లేదు. ఆ కన్ను లాంటర్న్ అనే పాడ్ (విమానం కింద తగిలించే పరికరాల పెట్టె) రూపంలో వచ్చింది. వైమానిక దళం అప్పటికే వాడుతున్న ఈ పాడ్‌ను కుడి రెక్క మొదట్లో, కదలని భాగం కింద బిగించారు. చీకట్లో వేడిని బట్టి చూసే కెమెరా, లేజర్ రెండూ అందులో ఉంటాయి. టామ్‌క్యాట్ కోసం చేసిన ముఖ్యమైన మార్పు వేరే ఉంది: తానెక్కడున్నదీ తనకు తెలిసేలా జీపీఎస్‌ను, దిశను, కదలికను కొలిచే పరికరాలను పాడ్ లోపలే పెట్టారు. దానివల్ల 1970ల నాటి విమాన కంప్యూటర్లను తిరగరాయవలసిన అవసరం చాలావరకు తప్పింది. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పని అయిపోయింది. అతుకుల బొంత అని ఎగతాళి చేసేవారు ఈ ఒక్క ఏర్పాటును గమనించి ఉంటే ఆ మాట అనేవారు కారని నా అభిప్రాయం.

వెనుక సీటులో కూర్చునే అధికారి ఎడమ చేతి దగ్గర ఒక చిన్న పిడిని అమర్చారు. ఆయన దానితో కెమెరాను తిప్పుతూ, లక్ష్యాన్ని తెరపై పట్టుకుని, బాంబు తగిలేవరకు లేజర్‌ను అక్కడే నిలిపి ఉంచుతాడు. ఏ, బీ రకాల్లో ఉండిన పాత గుండ్రటి తెర స్థానంలో అంచు సుమారు 20 సెంటీమీటర్లుండే చదరపు తెర వచ్చింది. ఒంటరి పైలట్ విమానం నడుపుతూనే చిన్న తెరలో వెతుక్కోవడానికీ, మరొక మనిషి ఆ పని మీదే ఉండి పెద్ద తెరలో చూడటానికీ తేడా ఎంతో వివరించనక్కరలేదు. 1996 జూన్‌లో వీఎఫ్-103 స్క్వాడ్రన్ ఈ పాడ్‌లతో సముద్రయానానికి బయలుదేరింది. 1999 కొసోవో యుద్ధం నాటికి టామ్‌క్యాట్ సిబ్బంది తాము బాంబులు వేయడంతో ఆగకుండా, ఇతర విమానాలకు లక్ష్యాలు వెతికి చూపించి దాడిని నడిపించే బాధ్యత కూడా చేపట్టారు. గురి కుదరని విమానానికి ఆ బాధ్యతను ఎవరూ అప్పగించరు.

పోరాట విమానాన్ని నేల దాడికి వాడటమే దిగజారుడు అన్న ధ్వని కూడా ఈ కథనంలో వినిపిస్తుంది. విశాఖపట్నం తీరంలో పెరిగినవారికి దీనికి జవాబు చెప్పడం కష్టం కాదు. 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళానికి అండగా ఉన్న పాత ఐఎన్ఎస్ విక్రాంత్ మీది సీ హాక్ విమానం కూడా మొదట నౌకాదళపు ఫైటర్‌గా రూపొందినదే. తరువాతి రకాలను నేల దాడికి అనువుగా మలిచారు. 1971 డిసెంబరు 4న కాక్స్ బజార్ విమానాశ్రయంపైనా, ఆ వెంటనే చిట్టగాంగ్ పైనా దాడులు చేసింది ఆ విమానాలే. వాటిని ఎవరూ దిగజారిన ఫైటర్లు అనలేదు.

చివరిది, విఫలమైనందువల్ల తప్పించారన్న మాట. 2001 అక్టోబరులో అఫ్గానిస్థాన్‌పై దాడులు మొదలైన తొలి రాత్రి నుంచే, అరేబియా సముద్రంలోని నౌకల మీద నుంచి గాలిలోనే ఇంధనం నింపుకుంటూ టామ్‌క్యాట్‌లు వెళ్లాయి. 2003లో ఎఫ్-14డీ రకానికి ఉపగ్రహ మార్గనిర్దేశంతో పడే జేడ్యామ్ బాంబులు కూడా వచ్చాయి. విమానాన్ని తప్పించడానికి కారణం దాని నిర్వహణ: వయసు మళ్లిన హైడ్రాలిక్ గొట్టాలు, రెక్కలను కదిలించే యంత్రాంగం, దొరకని విడిభాగాలు, ఒక్కో గంట ప్రయాణానికి మెకానిక్‌లు వెచ్చించవలసి వచ్చిన ఎన్నో గంటల శ్రమ. అదే సమయానికి తక్కువ శ్రమతో నడిచే సూపర్ హార్నెట్ అందుబాటులోకి వచ్చింది. వీఎఫ్-31 స్క్వాడ్రన్‌కు చెందిన ఎఫ్-14డీ ఇరాక్‌లో చివరి బాంబు వేసింది 2006 ఫిబ్రవరి 8న; అదే ఏడాది సెప్టెంబరు 22న వీడ్కోలు కార్యక్రమం జరిగింది. విఫలమైందని చెబుతున్న పనిని ఆ విమానం తన ఆఖరి సముద్రయానంలో కూడా చేస్తూనే ఉంది.