స్వస్తిశ్రీ చరిత్ర శాఖ

మా ఊరి విశ్వవిద్యాలయం చరిత్ర శాఖవారి వార్షిక విజయాల సంచిక నా చేతికి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అచ్చు, నలభై పుటలు. మామూలు పాఠకుడైతే ఫొటోలు తిరగేసి పక్కన పడేస్తాడు. నాకు శాసనాల పిచ్చి. అందువల్ల పండితులు రాతిని చదివినంత శ్రద్ధగా దీన్ని చదివాను. పరిష్కరించిన పాఠాన్ని లోకానికి అందించడం నా విధి.

మన శాసనాల్లో సాధారణంగా మొదట మంగళవాచకం, తరువాత ప్రశస్తి అనే రాజుగారి పొగడ్త, ఆపైన దానం, చివర ఆ దానాన్ని చెరిచినవాడికి శాపం ఉంటాయి. సంచిక ఆ సంప్రదాయాన్ని తప్పలేదు. 'స్వస్తిశ్రీ' ఉండవలసిన చోట ఉపకులపతిగారి సందేశం ఉంది. 'చరిత్ర మన మూలాలను తెలుపుతుంది' అన్నారు. ఆయన వృక్షశాస్త్ర ఆచార్యులు కనుక వేళ్ల విషయంలో ఆయన మాట కాదనలేం.

ప్రశస్తి ముప్పై పుటలు. విజయనగర రాయలకు మూరురాయరగండ (ముగ్గురు రాజులకు మగడు) మొదలైన బిరుదులు ఉండేవి కానీ, పాపం, వాటికి పాయింట్లు లేవు. 2010లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ, అధ్యాపకుల పనికి మార్కులు వేసే ఏపీఐ స్కోరు తెచ్చాక ఆ లోటు తీరింది. చరిత్ర శాఖ ఆచార్యులవారు అంతర్జాతీయ సదస్సు నిర్వహించారట. కాఠ్‌మాండూ నుంచి ఒకాయన తెర మీద కాసేపు కనిపించి మాయం కావడంతో అంతర్జాతీయత సిద్ధించింది. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందానికి స్వాగతం పలకడం ఒక విజయం. ఆ స్వాగతపు ఫొటో మరో విజయం. నలుగురికి జరిగిన నాలుగు సన్మానాల్లోనూ కప్పింది ఒకే శాలువా. జరీ అంచు మీది కాఫీ మరకే అందుకు ఆధారం. లిపిని బట్టి శాసనానికి కాలం కట్టినట్టే, మరక పెరిగిన తీరును బట్టి ఏ సన్మానం ముందు, ఏది వెనుక అన్నది కూడా తేల్చాను. సంచికలో వేసిన తేదీలతో అది సరిపోవడం లేదు. నేను మరకనే నమ్ముతాను.

ఇక దానభాగం. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం చూడండి. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే మునుపటి రాజులు సరుకంతా లాక్కునేవారని, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని చెప్పి, గంధానికి ఎంత, కర్పూరానికి ఎంత అన్నదీ చెక్కించాడు. ఎవరికి ఏమి ఇచ్చాడో సందేహం మిగలదు. మన సంచికలో ఈ ఏడాది ఎవరు ఏ శాసనం చదివారు, ఏ తాటాకు కట్ట విప్పారు, ఏ ఊరి కైఫీయతును (పాత స్థానిక చరిత్రను) సరిచూశారు అన్న శీర్షిక కింద 'త్వరలో' అని ఉంది. నిరుటి సంచికలోనూ, ముందటేటి సంచికలోనూ ఇదే మాట. ఇది శాఖవారి ఇంటిపేరు కావచ్చునని నా ఊహ.

పూర్వం ప్రమాణాలు ఇంత గట్టిగా ఉండేవి కావు. మల్లంపల్లి సోమశేఖర శర్మగారు కళాశాల పట్టా లేకుండానే శాసనాలు చదివి, రెడ్డిరాజ్యాల చరిత్ర రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పేశారు. ఇప్పుడు అలాంటి ప్రమాదం జరగదు. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ లేదు, పీహెచ్‌డీ లేదు, స్కోరు సున్నా. ఆయన దరఖాస్తు గుమాస్తా బల్ల దాటదు.

దానం చేసిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పడి ఉంటాడని పాత శాసనాలు శపిస్తాయి. మన సంచికలో శాపం వెనుక అట్ట లోపల, చిన్న అక్షరాల్లో ఉంది: 'ఇందులోని అభిప్రాయాలకు శాఖ బాధ్యత వహించదు.'

ఒక్క చోట మాత్రం నా పాండిత్యం చాలలేదు. తొలి తెలుగు శాసనంగా పేరుపొందిన, క్రీ.శ. 575 నాటిదని చెప్పే కలమళ్ల శాసనంలో రేనాడును ఏలిన ధనంజయుడి పేరు నిలిచింది, మరికొన్ని చోట్ల అక్షరాలు చెదిరిపోయాయి. ఇక్కడా అంతే. బోధన సిబ్బంది గ్రూపు ఫొటోలో ముందు కుర్చీల్లో ఇద్దరు కూర్చున్నారు. వెనుక తొమ్మిదిమంది నిలబడ్డారు, గంటల లెక్కన జీతం తీసుకుంటూ పాఠాలన్నీ చెప్పే అతిథి అధ్యాపకులు. కింద ఆ ఇద్దరి పేర్లు సకల బిరుదులతో స్పష్టంగా ఉన్నాయి. ఆ తరువాత నేను చదవగలిగింది 'మరియు ఇతరు...' వరకే. అక్కడ రాయి విరిగింది.