చెస్ నది ఒడ్డున ఎలుకల మందు పెట్టమనే ఆ మెసేజ్ ఇక ఆపండి

ఎండ కాస్త ముఖం చూపిస్తే చాలు, లండన్ వాయవ్య శివార్లలోని మన తెలుగు గ్రూపుల్లో అదే ఫార్వర్డ్ మళ్లీ మొదలు. చెస్ నదికి పిక్నిక్ వెళ్లేవాళ్లకు సలహాలట! రాజులు ఒడ్డున చదరంగం ఆడేవారు కాబట్టి ఆ పేరొచ్చిందట. నీళ్లు అద్దంలా ఉంటాయి, నేరుగా తాగొచ్చట. నది ఎండిపోవడం సహజమేనట. ఒడ్డంతా ఎలుకలే, బొరియల్లో మందు పెట్టాలట.

చదరంగం మాట ఒట్టి కట్టుకథ. చెషమ్ ఊరి పేరు పాతది, అందులోంచే నదికి పేరొచ్చింది.

నీళ్లు సుద్దరాతి పొరల్లో వడగట్టుకుని ఊరతాయి కాబట్టే అంత తేట. అయితే చెషమ్‌లోని మురుగునీటి శుద్ధి కేంద్రం నీళ్లు వదిలేది ఈ నదిలోకే. భారీ వానలప్పుడు పూర్తిగా శుద్ధి కానివీ కలుస్తాయి. తేటగా ఉంటే క్రిములు లేనట్టేనా? దయచేసి పిల్లల చేత తాగించకండి.

ఎండిపోవడం గురించి చెప్పినదాంట్లో సగం నిజం. భూగర్భ జలమట్టం దిగితే ఇలాంటి నదుల ఎగువ భాగం ఎండుతుంది. కానీ తాగునీటి కోసం నేలలోంచి తోడెయ్యడం వల్ల కూడా చెస్ బాగా చిక్కిపోయింది. అందుకే 2020లో చెషమ్ దగ్గర ఆ తోడడం ఆపారు.

ఇక ఎలుకల మందు. అసలు కోపం దీని మీదే. మీరు ఎలుక అంటున్నది చాలాసార్లు వాటర్ వోల్, అంటే నీటి ఒడ్డున బొరియల్లో ఉండే, ఎలుకలా కనిపించే చిన్న జంతువు. ఒక్క నిమిషం నిలబడి చూడండి. గుండ్రటి మొహం, మొద్దు ముక్కు, బొచ్చులో దాగిన చెవులు, నూగున్న పొట్టి తోక. ఎలుకకైతే కోసు మూతి, పైకి కనిపించే చెవులు, బోడి తోక. వోల్ గట్టు మీద కూర్చుని గడ్డికాడను రెండు చేతులతో పట్టుకుని కొరుకుతుంది. ఏటవాలుగా తెగిన బెత్తెడు ముక్కలు అక్కడే కుప్పగా పడి ఉంటాయి. అలికిడైతే బుడుంగున నీళ్లలోకి దూకేస్తుంది.

గట్లు పాడవడం ఒకవైపు, బొచ్చు కోసం పెంచే ఫారాల నుంచి బయటపడ్డ అమెరికన్ మింక్‌లు (ముంగిసలాంటి వేటజంతువులు) ఇంకోవైపు. రెండూ కలిసి బ్రిటన్‌లో వోల్‌ను చాలా నదుల్లో లేకుండా చేశాయి. ఆడ మింక్ బొరియలోకి కూడా దూరగలదు. చెస్ ఒడ్డున మింక్‌లను పట్టుకున్నాకే వోల్‌లు మళ్లీ పుంజుకున్నాయి. ఇప్పుడు మింక్ చెయ్యలేని పని మన పిక్నిక్ బ్యాచ్ చేస్తుందా? 2008 నుంచి ఇంగ్లండ్‌లో వోల్‌లకు చట్టపరంగా పూర్తి రక్షణ ఉంది. కావాలని చంపడం, బొరియలు పాడుచెయ్యడం నేరం. పైగా మందు తిన్న జంతువును గుడ్లగూబ తింటే దానికీ ముప్పే.

అక్కడ అసలు ఎలుకలే లేవని నేననను. ఉన్నాయి, ఈదుతాయి కూడా. ఎలుక జ్వరం భయం కూడా ఉత్తిది కాదు. ఒంటి మీద గాయం ఉంటే నీళ్లలో దిగకండి, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, మిగిలిన తిండి ఇంటికి తీసుకెళ్లండి. బొరియల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ మెసేజ్ ఏ గ్రూపులో పెట్టారో అక్కడే తప్పని కూడా రాయండి.